పల్లికాయ గలగల వినిపించే కారు

రెండు కార్లలో ఒకటి కొనాలి. ధరలో తేడా టైర్ల ఖరీదంత కూడా లేదు. మైలేజీ ఒకటే, డిక్కీ ఒకటే. పైకప్పులో తెరుచుకునే అద్దం రెండింటికీ ఉంది. మా గద్వాల ఎండలకు అది ఎందుకో రెండు కంపెనీలకూ తెలియదు. శ్రీమంతుల కార్లలో ఉండే సుఖంలో ముప్పావు వంతు ఇస్తాయి, వాటి ధరలో సగం కూడా అడగవు. సరుకు ఇంత దగ్గర దగ్గరగా ఉన్నప్పుడు మిగిలిన ఒక్క గుణం మీద తేల్చుకోవాలి. నాకు కావలసిన ఆ గుణం నిశ్శబ్దం.

అది నా కోసం కాదు. మా ఆవిడ నవనీతకు మెడ నరం నొక్కుకుపోయింది. బండి గుంతలో పడితే నొప్పి భుజం దాకా దిగుతుంది. ఇంజను మోతకు తలనొప్పి మొదలై మర్నాటి దాకా ఉంటుంది. మాకున్నది పాత డీజిల్ జీపు. అందులో ఎక్కడం మానేసి నాగర్‌కర్నూల్‌లో లెక్చరర్‌గా పనిచేసే మా అమ్మాయి శ్రీవాణి ఇంటికి కూడా ఆమె పోవడం లేదు. మనిషి ఇంట్లోనే ఉండిపోతే ఆ నష్టం ఏ పద్దులో రాసుకోవాలి? కారు కొనడమే లాభమని లెక్క తేలింది.

ఒక కారు వనపర్తి షోరూంలో ఉంది, రెండోది నాగర్‌కర్నూల్‌లో. ఒక్కరోజులో రెండూ నడిపి చూసి తేల్చేద్దామని బయలుదేరాం. కానీ ఆ పొద్దున నా మనసు కార్ల మీద లేదు.

గద్వాల మార్కెట్ యార్డులో నాకు అడ్తి దుకాణం ఉంది. రైతులు తెచ్చిన వేరుశనగకు ధర కట్టి మిల్లులకు తోలిస్తాను. కాయ ఎండిందా లేదా అన్న దాని మీదే ధరంతా నిలబడుతుంది. చాలామంది ఇప్పుడు తేమ కొలిచే మిషన్లు పెట్టుకున్నారు. నేను పెట్టలేదు. గుప్పెడు కాయ చెవి దగ్గర పెట్టి ఊపుతాను. ఎండిన కాయలో పప్పు గలగలమంటుంది. పచ్చికాయ మూగగా ఉంటుంది. ఒక కాయ పగలగొడితే ఆ ఒక్క కాయ సంగతే తెలుస్తుందని, గుప్పెడు ఊపితే కుప్ప సంగతంతా తెలుస్తుందని కొత్తగా వచ్చిన వ్యాపారులకు చెబుతుండేవాణ్ణి. ఈ కురుమూర్తి చెవి చెప్పిందంటే మిల్లువాళ్లు మారుమాట లేకుండా దించుకునేవారు.

ఈ యాసంగి పంట వచ్చినప్పటి నుంచి ఆ లెక్క ఎక్కడో తప్పుతోంది. నేను పచ్చిదని పక్కన పెట్టిన కుప్పలను పక్క దుకాణం యోసేపు కొని మిల్లుకు తోలాడు. మిల్లు ఒక్క బస్తా వెనక్కి పంపలేదు. యోసేపు అదృష్టం అనుకున్నాను. తర్వాత మిల్లు గుమాస్తాను మంచి చేసుకున్నాడనుకున్నాను. ఇంకో కారణం ఉండవచ్చని అనుకోవడానికి మనసు ఒప్పలేదు.

ఆ పొద్దున మానవపాడు నుంచి బాలస్వామి ట్రాక్టరు నిండా కాయ తెచ్చాడు. మానవపాడు నవనీత పుట్టిన ఊరు. ఆ వరసన ఆమె బాలస్వామికి అక్క, నేను బావను. ఆ ఊళ్లో వేరుశనగ వేసేవాళ్లంతా అతను ఎక్కడ దించితే అక్కడే దించుతారు. నేను గుప్పెడు తీసి ఊపాను. ఏమీ వినిపించలేదు.

“పచ్చిగున్నయ్ బాలస్వామీ.”

“ఏంది బావా, పొద్దుపొద్దుగాల మజాకా? మంచి ఎండల ఎండబెట్టిన. మంచు పడ్తదని రాత్రి పట్టాలు కప్పిన. మళ్ల ఊపు.”

మళ్లీ ఊపాను. అతను ఒక కాయ పగలగొట్టి పప్పు కొరికి నా ముఖం ముందు నోరు తెరిచి చూపించాడు. “టక్కుమన్నది ఇనవడలేదా?”

“పైన పెట్టిన కాయ కొరికి సూపిస్తే కుప్పంత ఎండినట్లా?” అన్నాను.

అతని ముఖం మారింది. “సరే సేటు,” అన్నాడు. నా దగ్గర కాయ దించుతున్న ఈ పన్నెండేళ్లలో నన్ను సేటు అనడం అదే మొదలు. “పొద్దుగూకే దాంక ఆగుత. మళ్లొక్కపారి చూసి చెప్పు. లేకుంటె యోసేపు తాన దించుత. మా ఊరోళ్లు అడిగితె ఏం చెప్పాల్నో గది చెప్త.”

అతని కుప్పలోంచి ఒక గుప్పెడు కాయ జేబులో వేసుకున్నాను. యార్డులో గోల ఎక్కువ, ట్రాక్టర్లు, హమాలీల కేకలు, జల్లెళ్లు. నిశ్శబ్దంగా ఉన్న చోట ఊపి చూస్తే తేలిపోతుంది. ఎలాగూ నిశ్శబ్దం కొనడానికే పోతున్నాను. అద్దాలు ఎత్తి ఏ కారులో పల్లికాయ గలగల వినిపిస్తుందో అదే మంచి కారు. ఒక ప్రయాణంతో రెండు పనులు గిట్టుబాటు అవుతాయి.

నవనీత మెడకు పట్టీ కట్టుకుని, రెండు చెవుల్లో దూది పెట్టుకుని జీపు ఎక్కింది. “గిదే ఆఖరుసారి ఈ డబ్బాల ఎక్కుడు,” అంది.

ఎర్రవల్లి చౌరస్తా దాటి, బీచుపల్లి వంతెన మీద కృష్ణ దాటేటప్పుడు ఆమె ఏదో అడిగింది. “ఆఁ,” అన్నాను.

“ఏం ఆఁ? నేనేమడిగిన్నో చెప్పు.”

“రెండిట్ల ఏది మంచిదని.”

“గ్యాసు బండ బుక్ చేసినవా అని అడిగిన.” కిటికీ వైపు తిరిగింది. “చెవుల దూది నేను పెట్టుకుంటె, నీకు ఇనవడకుంటైతుంది.”

నవ్వాను. నా చేయి మాత్రం జేబులోని కాయల మీదే ఉంది. పొద్దుగూకే దాకా ఇంకెంత సమయం ఉందో, వనపర్తిలో ఎంత పోతుందో, నాగర్‌కర్నూల్‌లో ఎంత పోతుందో లెక్కలు కడుతున్నాను. పెబ్బేరు దగ్గర టీ కూడా తాగనివ్వలేదు.

వనపర్తి షోరూంలో హరీష్ అనే కుర్రవాడు తెల్ల కారు చూపించాడు. సీట్లలోంచి చల్లగాలి వస్తుందన్నాడు, పాటలు పెట్టే డబ్బాలు ఎన్ని మూలల ఉన్నాయో చెప్పాడు.

“పాటలొద్దు. అన్నీ బంద్ చేయి,” అన్నాను.

నేను నడిపాను. హరీష్ పక్కన కూర్చున్నాడు. నవనీత దూది తీసేసి వెనక సీట్లో వాలింది. పట్నం దాటి కొత్తకోట రోడ్డు ఎక్కాక అద్దాలు మూయించాను. సీటు మెత్తగా ఉంది, గుంతలు తెలియడం లేదు. ఇంజను ఉందా లేదా అన్నట్లు ఉంది. ఆ మోతంతా పోయేసరికి దాని అడుగున ఉన్న ఇంకో చప్పుడు పైకి తేలింది. సన్నగా, ఆగకుండా, కుయ్‌మని ఒక ఈల.

“ఈ ఈల ఏంది?” అన్నాను.

హరీష్ చెవి పెట్టి విన్నాడు. “ఏ ఈల అంకుల్?”

కారు పక్కకు ఆపాను. ఏసీ బంద్ చేశాను. ఈల ఉంది. ఇంజను కూడా బంద్ చేశాను. ఇంకా గట్టిగా వినిపించింది.

“ఇంజను బంద్ చేసినంక సుత మోగుతుందంటె వైరింగుల ఏదో ఉన్నట్లు. కొత్త బండిల గిట్ల ఉంటదా?”

హరీష్ నావైపు తేరిపార చూసి నవ్వాడు. “అంకుల్, మీరు మార్కెట్ల మనిషి. వంక పెట్టకుంటె మీకు సరుకు కొన్నట్లుండదు. రేటు సంగతి మా మేనేజర్ సార్‌తోటి మాట్లాడుదం. ఈల గీల ఎందుకు?”

నాకు కోపం వచ్చింది. వంక పెట్టడం మా వ్యాపారంలో ఉన్నదే, కాదనను. లేని మచ్చ చూపించి ధర దించుతాం, అమ్మేవాడికీ అది తెలుసు. కానీ ఇది వంక కాదు. అద్దంలోంచి నవనీత వైపు చూశాను. “నువ్వు చెప్పు.”

ఆమె నా ముఖం చూసింది. “ఔ, నాకు సుత ఇనవడుతుంది,” అంది. “సన్నగ, చెవుల సూది గుచ్చినట్లు. గిట్లుంటె నాకు తలనొప్పి పుడ్తది బాబూ.”

హరీష్ ముఖంలో నవ్వు పోయింది. పాపం, కిందికి వంగి మ్యాట్లు ఎత్తి వెతికాడు. నాకు మాత్రం ప్రాణం కుదుటపడింది. నవనీతకు కూడా వినిపిస్తున్నదంటే తప్పు బండిదే. జేబులోంచి కాయలు తీసి చెవి దగ్గర ఊపాను. గలగల లేదు. ఈ ఈలలో కాయ చప్పుడు ఎలా వినిపిస్తుంది అనుకున్నాను. షోరూంకు తిరిగి వచ్చాక మేనేజరు ఆ కారును సర్వీసు షెడ్డులో పెట్టించి, అడగకుండానే ధర కొంత తగ్గిస్తానన్నాడు. ఇంకో రోజైతే ఆ మాట పట్టుకుని ఇంకా కిందికి లాగేవాణ్ణి. ఆ రోజు మళ్లీ ఫోన్ చేస్తానని వచ్చేశాను.

గోపాల్‌పేట మీదుగా నాగర్‌కర్నూల్ వైపు పోతుంటే జీపు మోతకు ఈల వినిపించడం మానేసింది. ఆ మోతలో హాయిగా ఉన్నట్లనిపించింది. ఆ హాయి నాకు నచ్చలేదు. జీపు ఆపాను.

“ఏమైంది?” అంది నవనీత.

“ఏం లే.” ఇంజను బంద్ చేశాను. పల్లెకు దూరం, పక్కన మిరప చేను. ఒక గాలి తెర వచ్చి పోయింది. ఆ తర్వాత మెల్లగా, ఎక్కడి నుంచో తెలియకుండా, కుయ్. చెవిలో వేలు పెట్టి గట్టిగా తిప్పాను. వనపర్తి కారులో అంతసేపు విన్నాను కదా, చెవికి పట్టుకుని ఉంటుందనుకున్నాను. ఆలోచన ముందుకు పోనివ్వకుండా బండి స్టార్ట్ చేశాను.

శ్రీవాణి ఇంటికి పని అయ్యాక పోదామని నాగర్‌కర్నూల్‌లో నేరుగా షోరూంకే పోయాం. అక్కడ సింధూజ అనే అమ్మాయి బూడిద రంగు కారు తాళం చేతికిచ్చింది. ఆమె ఎక్కువ మాట్లాడే రకం కాదు. వెనక సీట్లో కూర్చుంది. నవనీత ముందు సీట్లో నా పక్కన కూర్చుని, తల వెనక్కి ఆనించి కళ్లు మూసుకుంది.

“ఈ సీటు మెడ కింద సరింగ ఉంది,” అంది.

బైపాస్ దాకా నడిపాను. సిమెంటు రోడ్డు మీద కూడా టైర్ల రొద లోపలికి రాలేదు. ఇక్కడ కూడా ఈల ఉంది.

“దీంట్ల సుత మోగుతుంది,” అన్నాను. “గదే ఈల.”

సింధూజ ముందుకు వంగి విన్నది. నవనీత కళ్లు తెరవకుండానే, “ఔ, జర ఎక్కువనే ఉంది,” అంది.

తిరిగి వచ్చి షోరూం ముందు నీడలో ఆపాను. రంగుల కార్డు తెస్తానని సింధూజ దిగి లోపలికి పోయింది. తలుపు మూసుకుంది. ఎండ మెట్ల మీదికి జారింది. బాలస్వామి ఫోన్ ఎప్పుడైనా రావచ్చు. గుప్పెడు కాయ తీసి కుడి చెవి దగ్గర ఊపాను. ఎడమ చెవి దగ్గర ఊపాను.

“పచ్చియే,” అన్నాను. “పొద్దున చెప్పిందే రైటు. బాలస్వామి ఊర్కెనే పరేషాన్ చేసిండు. యోసేపు తాననే దించుకొమ్మంట.”

నవనీత కళ్లు తెరిచింది. “ఏంది పచ్చి? గలగలమంటున్నయ్ గదా.”

“ఏడ?”

“నీ చేతుల. మళ్ల ఊపు.” ఊపాను. “ఇగో. కాళ్ల గజ్జెల్లెక్క మోగుతున్నయ్. నేను మానవపాడు పిల్లను, నాకు చెప్తవా పల్లికాయ?”

“ఇంత ఈలల నీకెట్ల ఇనవడ్తున్నయ్?”

“ఏ ఈల?”

“పొద్దటి సంది మోగుతున్న ఈల. వనపర్తిల ఇనవడ్డదంటివి. ఇప్పుడు సుత ఎక్కువనే ఉందంటివి.”

ఆమెకు మెడ తిరగదు గనుక మనిషే నా వైపు తిరిగింది. “నువ్వు బేరమాడుతున్నవనుకున్న అయ్యా! మొన్న ఫ్రిజ్జు కొన్ననాడు మోటరు కొట్టుకుంటుందంటివి, నేను ఔ అనలేదా? సోఫాకు వాసనొస్తుందంటివి, నేను ముక్కు మూసుకోలేదా? గిది సుత గంతే అనుకున్న.”

“సూది గుచ్చినట్లుందంటివి!”

“నువ్వు కండ్లతోటి సైగ చేస్తివి. జర జోరుగ చెప్పాలేమో అనుకున్న.” ఆగింది. “నిజంగ మోగుతుందా నీకు?”

ఒక కాయ తీసి పగలగొట్టాను. పప్పు మీది ఎర్రతోలు వేలికి ఊడి వచ్చింది. కొరికాను. దవడకు తెలిసింది టక్కుమని. చెవికి తెలియలేదు. ఎండిన కాయ. ముందు నేను పక్కన పెట్టిన కుప్పలూ ఎండిన కాయే. యోసేపుకు అదృష్టమూ లేదు, గుమాస్తాతో స్నేహమూ లేదు.

నవనీత నా చేతిలోంచి ఐదారు కాయలు తీసుకుని నా తల వెనక ఎక్కడో ఊపింది. “ఇనవడ్తుందా?”

“లే.”

“ఇప్పుడు?”

“ఊపుతున్నవా?”

ఆమె చేయి కిందికి దించింది. “ఆ పొట్టు మిషన్,” అంది. దుకాణం వెనక గదిలో కాయ పొట్టు తీసే మిషన్ ఒకటి ఏళ్ల తరబడి నడిపించాను. దాని పక్కనే కూర్చుని లెక్కలు రాసేవాణ్ణి. “చెవుల గుడ్డ కట్టుకో అని ఎన్నిసార్లు మొత్తుకుంటిని. గది సుత ఇనవడలేదేమో.”

నవ్వించడానికే అన్నది. ఇద్దరికీ నవ్వు రాలేదు. ఫోన్ మోగింది. తెర మీద బాలస్వామి పేరు. ఈ మధ్య ఫోన్‌లో మాటలు సరిగ్గా పట్టుబడక స్పీకరు పెట్టడం అలవాటైంది. సిగ్నల్ బాగాలేదని అందరికీ చెప్పేవాణ్ణి. నాకు నేనూ అదే చెప్పుకున్నాను. స్పీకరు పెట్టాను.

“ఏమంటవ్ సేటు? ట్రాక్టరోడు లొల్లి పెడ్తుండు.”

“కాయ ఎండింది బాలస్వామీ. ధర కట్టినట్లే. నా తాననే దించు.”

“నువ్వేడున్నవ్?”

“నాగర్‌కర్నూల్ల.”

“కాయ గద్వాల్ల ఉంటె, నువ్వు నాగర్‌కర్నూల్లకెంచి ఎండిందంటున్నవ్.”

“గుప్పెడు జేబులేసుకొచ్చిన.”

“పొద్దున పచ్చిగున్న కాయ నీ జేబుల ఎండిందా?”

నవనీత నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. నేను లెక్క వేసుకున్నాను. ఇలాంటి సమయంలో నాకు లెక్క తప్ప ఇంకోటి తోచదు. పొద్దున వంక పెట్టానని, ధర దించడానికే అలా అన్నానని చెప్పవచ్చు. యార్డులో దాన్ని ఎవరూ తప్పనరు. అడ్తివాడు వంక పెట్టాడంటే నవ్వి ఊరుకుంటారు, నాలుగు రోజులకు మరిచిపోతారు. అడ్తివాడి చెవి పోయిందంటే మరిచిపోరు. ఒక అబద్ధంతో చెవి పేరు నిలబడుతుంది. కానీ పన్నెండేళ్లుగా బాలస్వామికి నేను వంక పెట్టలేదు. పెట్టలేదు కాబట్టే అతను యార్డు గేటు దాటి నేరుగా నా దగ్గరికి వచ్చేవాడు. ఇవాళ పెట్టానంటే, ఇదివరకు ఎన్నిసార్లు పెట్టానో అని అతను వెనక్కి లెక్క తీస్తాడు. ఆ లెక్కలో నాకు మిగిలేది ఏమీ ఉండదు.

“బాలస్వామీ, కాయ నేను చూసి చెప్తలేను. మీ అక్క ఊపి చెప్పింది. నాకు ఇనవడ్తలేదు.”

“ఏంది ఇనవడ్తలేదు? ఫోనా?”

“కాయ. చెవుల ఈల మోగుతుంది. పొద్దున సుత ఇనవడలే. మొన్న యోసేపు కొన్న కుప్పలు సుత గంతే. కాయ మంచిదే. నాదే పాడైంది.”

అవతల చప్పుడు లేదు. ఈల ఒక్కటే ఉంది. లైను కట్ అయిందో, అతను మాట్లాడుతుంటే నాకే అందడం లేదో తెలియక నవనీత వైపు చూశాను. ఆమె ఆగమన్నట్లు చేయి ఎత్తింది.

“గందుకేనా,” అన్నాడు బాలస్వామి చివరికి. “పొద్దున నేను నాలుగుసార్లు పిలిచిన ఎన్కకెల్లి. తిరిగి చూడలే. పెద్ద సేటైండు, ఇన్నా ఇననట్లు చేస్తుండు అనుకున్న. ట్రాక్టరోడితోటి నిన్ను మస్తు తిట్టిన బావా.”

“తిట్టు. గది సుత ఇనవడలే.”

“అక్కా, ఉన్నవా ఆడ?”

“ఉన్న తమ్మీ,” అంది నవనీత.

“జర దవాఖానకు తోల్కపో ఆయనను. కాయ ఈడనే దించుత. కని బావా, ఒక్కమాట. ఏమనుకోకు. ఇగ ఊపుడు బంద్ చేయి. రేపు తేమ మిషన్ తెప్పియ్యి. మిషన్ మీద పెట్టినంకనే బస్తాలు కుట్టనిస్త. మా ఊరోళ్లకు సుత గదే చెప్త.”

“సరే,” అన్నాను.

ఫోన్ పెట్టేశాడు. బాలస్వామి మిగిలాడు. నా చెవికున్న పేరు పోయింది. దానికి ఇంతకాలం ఉన్న ధర రేపు యార్డులో ఒక మిషన్ ధరకు సమానమైపోతుంది, మిషన్ ఎవరైనా కొనగలరు. లాభమో నష్టమో వెంటనే తేలలేదు. హరీష్ గుర్తొచ్చాడు. ఏ తప్పూ లేని బండిని షెడ్డులో పెట్టించి వచ్చాను. అతనికి ఫోన్ చేసి, నీ కారులో ఏ చప్పుడూ లేదని చెప్పాను.

“అంకుల్, గిది సుత బేరమేనా?” అన్నాడు. “సరే, సీటు కవర్లు ఫ్రీ ఇస్తం.”

ఎంత చెప్పినా నమ్మలేదు. చివరికి షెడ్డులోంచి బండిని బయటికి తీయించడానికి మాత్రం ఒప్పించి పెట్టేశాను.

“ఇగ ఏది కొంటవ్?” అంది నవనీత.

“నన్నడుగుతవేంది? నాకు రెండూ ఒకటే తీరు మోగుతున్నయ్.” జీవితంలో ఒక్క సరుకు కూడా ఇంకొకరి మాట మీద కొనలేదు. “నువ్వే చెప్పు.”

ఆమె చెప్పేలోపు సింధూజ రంగుల కార్డు పట్టుకుని నా వైపు అద్దం దగ్గరికి వచ్చింది. అద్దం మీద వేలితో కొట్టింది. పెదవులు కదులుతున్నాయి. ఏదో అడుగుతోంది, రెండోసారి కూడా అడిగింది. ఒక్క ముక్క నా దాకా రాలేదు. కారు అంత గట్టిదో, నా చెవి అంత మొద్దుబారిందో అర్థం కాలేదు.

“నవనీతా, ఆ పిల్ల ఏమంటుంది?”

నవనీత మెడ పట్టీ సర్దుకుని, ముందుకు వంగి, చాలాసేపు చెవి పెట్టి విన్నది.

“నాకు సుత ఇనవడ్తలేదు,” అంది.

“నిజంగనేనా? బేరం కాదు గదా?”

“నీ మీదొట్టు.”

అద్దం దించి, ఈ బండి ఎంతకు ఇస్తారని సింధూజను అడిగాను. జవాబు ఇంకోసారి చెప్పమన్నాను.